వాచీల తాత పట్టు

"కోడ్ చివర ఒక్క అంకె మార్చడానికి ఇంత ఆలోచనేంటి మేడమ్?" హెడ్ నర్సు వాచీల తాత ఫైలు తెచ్చి కోడర్ బల్ల మీద పడేసింది.

"ఆ అంకె వేస్తే డిమెన్షియాతో పాటు మీదపడి కొట్టే మనిషని అర్థం సిస్టర్. రేపట్నుంచి ఆయన్ని తాళం వేసిన వార్డులో పెడతారు. కూతురికైనా వారానికి ఒక్కసారే చూపిస్తారు."

ఫైళ్లు చదివి జబ్బుకో కోడ్ వేయడం ఆవిడ ఉద్యోగం. వార్డులో ఎవరి ముఖమూ తెలీదు గానీ, అందరి జబ్బులూ తెలుసు.

"కొట్టడం కాక మరేంటి? పది రోజుల్లో ముగ్గురి మణికట్లు పట్టుకుని వదల్లేదు. ఏడో నంబరు బెడ్డు, పన్నెండు, పదిహేను. ఇద్దరు మనుషులు లాగితే గానీ ఆ చేతులు విడిపించలేకపోయాం."

గుమ్మం దగ్గర నిలబడ్డ కూతురు కల్పించుకుంది. "మా నాన్న నలభై ఏళ్లు వాచీలు బాగుచేశాడమ్మా. ఇప్పుడు నా పేరు కూడా గుర్తులేదు. వాచీ కనిపిస్తే ప్రాణం ఆగక పట్టుకుని ఉంటాడు."

"ఆ ముగ్గురికీ వాచీలే లేవు," అంది హెడ్ నర్సు.

కోడర్ కలం ఆగింది. ఏడు, పన్నెండు, పదిహేను. లేచి మూడు ఫైళ్లూ తీసింది. మూడూ ఈ వారం తను కోడ్ వేసినవే. ముగ్గురికీ ఒకటే కోడ్: గుండె లయ తప్పి కొట్టుకోవడం. తేదీలు చూసింది. తాత పట్టుకున్న రెండ్రోజులకు ఒకరిది, నాలుగు రోజులకు ఒకరిది, వారానికి ఇంకొకరిది బయటపడ్డాయి.

"ఇంకెవరి చేతులూ పట్టుకోలేదా సిస్టర్?"

"ఎందుకు పట్టుకోడు? అందరివీ పడతాడు, ఓ నిమిషం చూసి వదిలేస్తాడు. నాదీ రోజూ పడతాడు."

కోడర్ కూతురి వైపు తిరిగింది. "వాచీ సరిగ్గా నడవకపోతే నాన్నగారు ఏం చేసేవారు?"

"బాగయ్యేదాకా చేతిలోంచి దించేవాడు కాదు. అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు."

ముగ్గురూ వార్డుకు వెళ్లారు. తాత చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. కోడర్ ఎదురుగా కూర్చుని చేయి చాపింది.

"చూడండి సిస్టర్, నిమిషంలో వదిలేస్తారు. ఇది దాడి కాదు. ఇదేంటో చెప్పడానికి నా పుస్తకంలో కోడే లేదు."

తాత ఆమె మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, తల ఓరగా వంచి, కళ్లు మూసుకున్నాడు. కన్నకూతురి పేరే చెరిగిపోయిన తలలో ఈ విద్య ఇంత భద్రంగా ఎలా మిగిలిందో ఆవిడకు అంతుపట్టలేదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటే అక్కడే దణ్ణం పెట్టేసేది.

నిమిషం గడిచింది. హెడ్ నర్సు గోడ గడియారం వైపు చూసింది. రెండో నిమిషం కూడా గడిచింది. కోడర్ నవ్వుతూ చేయి మెల్లగా వెనక్కి తీసుకోబోయింది.

తాత వదల్లేదు. ఇంకా బిగించి పట్టుకున్నాడు.

ఈసారి హెడ్ నర్సు లాగడానికి మనుషుల్ని పిలవలేదు. ఈసీజీ మిషన్ తెమ్మని కేకేసింది.