గాడిదకి మళ్లీ పని పోయింది

ఒక అడవిలో పని పోయినవాళ్లకి గాదెలోంచి జొన్నలు పెట్టేవారు. పనిలోంచి తీసేసిన యజమాని స్వయంగా వచ్చి, అవును నేనే తీసేశానని సాక్ష్యం చెప్పాలి, అంతే.

ఆకలికి తాళలేక గాడిద మూడోసారి వచ్చి నిలబడేసరికి గాదె అధికారి కొంగకి ఒళ్లు మండింది.

"మళ్లీ తయారయ్యావా? మొదట ఎవరు తీసేశారు?"

"ఎలుగుబంటిగారండి. తేనెపట్లు తగ్గాయని."

"తర్వాత?"

"నక్కగారండి. చవగ్గా దున్నపోతు దొరికిందని."

"ఇంతమంది తీసేశారంటే లోపం నీలోనే ఉంది! ఇప్పుడు గెంటేసిన మహానుభావుడెవరు?"

గాడిద చెవులు వాల్చింది.

"తమరేనండి. నిన్నటిదాకా ఈ గాదె ఊడ్చింది నేనే కదండీ. చీపురు అరిగిపోయింది, ఇక నీతో పనిలేదు పొమ్మన్నారు."

కొంగ గొంతు సవరించుకుంది.

"అలాగా! అయితే వెళ్లి ఆయన్ని సాక్ష్యానికి వెంటబెట్టుకురా. ఆయన వచ్చేదాకా నేనిక్కడే కూర్చుంటాను."