ఎర్రగీత దాటిన రోజు

“సార్, నీళ్లు ఎర్రగీత దాటినయ్!” వానలో తడుస్తూ సోమక్క ఫోన్‌లో అరిచింది.

“ఎంత దాటినయ్?” అవతలి నుంచి భూషణం గొంతు.

“జానెడు. జల్ది సైరన్ కొట్టియ్యి సార్!”



“సైరన్ సంగతి వదిలెయ్ అక్కా. ఊరందర్నీ గుట్ట ఎక్కియ్యి. ఇప్పుడే.”

ఫోన్ పెట్టేశాడు.

సోమక్క ఊరికి ఎగువన గని బురదను నిల్వ ఉంచే చెరువు ఉంది. దాని కట్ట కిందుగానే వాగు; చెరువు నిండితే నీళ్లు అందులోకే పొర్లుతాయి. ఐదేళ్ల కిందట గని ఆఫీసు నుంచి వచ్చిన భూషణం వాగులో కొలకర్ర పాతి, నీళ్లు దాటితే ఆఫీసులో సైరన్ మోగించాలని దానిమీద ఎర్రగీత గీసి, చదవడం సోమక్కకు నేర్పి, తన ఫోన్ నంబరిచ్చాడు. అప్పటి నుంచి వానాకాలమంతా ఆమె రోజూ పొద్దున్నే ఫోన్ చేసేది. “రాసుకున్నా” అని ఆయన పెట్టేసేవాడు.

ఈ మధ్య వానలు పద్ధతి తప్పాయి. నెల వాన ఒక్క పూటలో కురుస్తోంది. కట్ట ఎత్తు పెంచమని ఆమె ఎన్నిసార్లు మొత్తుకున్నా, “పైకి రాస్తున్నా అక్కా” అనేవాడు. అంతే.

సోమక్క ఇల్లిల్లూ తిరిగి తెలుగులో, గోండీలో కేకలు వేసింది. పక్కింటి మంగి తన ఇద్దరు పిల్లల్నీ ఎత్తుకుని పరుగెత్తింది. ముసలి హుంగా మాత్రం గడప దాటలేదు.

“సైరన్ మోగలే గదా. మోగితే వస్త.”

బతిమాలింది. చెయ్యి పట్టి లాగింది. ఆయన విదిలించుకున్నాడు.

గుట్ట మీద నుంచి అందరూ చూస్తుండగానే కట్ట తెగింది. ఎర్రబురద వరిమళ్లను ముంచి, ఇళ్లను ముంచి, అడవి దాకా పాకింది. మూడో రోజున హుంగా శవం దొరికింది.

మర్నాడే సోమక్క బస్సెక్కి గని ఆఫీసుకు వెళ్లింది. చీర అంచున బురద ఇంకా ఎండలేదు.

“భూషణం సార్ ఏడి?”

గుమాస్తా తలెత్తాడు. “ఏం పని?”

“సైరన్ ఎందుకు కొట్టలేదో నా మొహం మీద చెప్పమను. ఐదేండ్లు పొద్దుగాల లేసి నీళ్లు చూసి చెప్పిన. ఒక్క మీట నొక్కనీకి చెయ్యి రాలేదా? మా ఊరి ముసలాయన పానం తీసిండు!”

“నువ్వు ఎవరికి చెప్పావమ్మా?”

“ఆయనకే. మొన్న కూడా ఆయనే ఫోన్ ఎత్తిండు.”

గుమాస్తా కుర్చీలోంచి మెల్లగా లేచి నిలబడ్డాడు.

“కట్ట నిలవదని రాసినందుకు ఆయన్ని పనిలోంచి తీసేసి నాలుగేళ్లయిందమ్మా.”