ఊడిన ముక్క

"ఇంకా లాగండి మేడమ్!" అన్నాడు మేకప్ చీఫ్ రవిచంద్ర.

ఫిల్మ్ నగర్ స్టూడియోలో నీళ్ల ఫైటుకు అంతా సిద్ధం. హీరోయిన్‌కు డూప్‌గా చేసే నవత, చెంపకు రబ్బరు గాయం అతికించుకోవడానికి కూర్చుని ఉంది. ఆల్చిప్పలు సముద్రంలో రాళ్లను పట్టుకునే ప్రొటీన్‌తో కెమిస్ట్ భువన కొత్త జిగురు చేసింది. ముందుగా మేకతోలు మీద దాని పట్టు కొలుస్తోంది.

తోలుకు అతికించిన రబ్బరు ముక్కను కొక్కెంతో లాగింది. మీటరులో అంకె పెరిగి పెరిగి, ముక్క ఫట్‌మని ఊడింది.

"పాత గమ్‌కు మూడింతలండీ! పెట్టేద్దాం." రవిచంద్ర బ్రష్ జిగురులో ముంచాడు.

నవత చెంప తిప్పింది. "జల్ది పెట్టుండ్రి సార్. మొన్న నీళ్లల్ల ఊడిపోతే నన్నే తిట్టిండ్రు."

భువన మీటరు చూడటం లేదు. ఊడిన ముక్కను వెనక్కి తిప్పి చూస్తోంది.

"బ్రష్ దించండి రవిచంద్ర గారూ!"

"ఏమైందండీ? అంకె బ్రహ్మాండంగా వచ్చిందిగా?"

"జిగురు ఊడలేదు. చూడండి."

ముక్క వెనక జిగురు అలాగే ఉంది. దాన్ని అంటుకుని పల్చటి తోలు పొర.

"ఊడింది తోలు. మనం కొలిచింది తోలు బలం, జిగురుది కాదు."

నవత చెయ్యి చెంప మీదికి పోయింది.

"పాత గమ్మే పెట్టుండ్రి సార్," అంది మెల్లగా. "తిట్లయితే దులుపుకుంట."