జవాబు కోసం ఆగే మనిషి

ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో ఓ ట్రామ్ స్టాపు దగ్గర పొద్దున్నే కాలేజీ పిల్లల పలకరింపులు.

చెంపా చెంపా ఆనించుకోవడం, "బాగున్నావా?" అనడం.

"బాగున్నా. నువ్వు?"

"బాగున్నా."

అంతే. మాట పూర్తికాకముందే కళ్లు ఫోన్లోకి వెళ్లిపోతాయి.

బెంచీ మీద కూర్చునే ముసలాయనతోనే చిక్కు. ఆయనా అదే అడుగుతాడు. కానీ "బాగున్నా" అంటే వదలడు.

"నిజంగా చెప్పు. నాకు తొందరేం లేదు."

"మాకుంది సార్!" అని నవ్వుతూ ట్రామెక్కేస్తారు. వాళ్లలో లిజోన్ అనే అమ్మాయి అయితే ఆయనకి 'పోలీసు' అని పేరు కూడా పెట్టింది.

ఆ రోజు లిజోన్ వచ్చేసరికి, చిన్నప్పటి స్నేహితుడు ఎవెన్ ఆ బెంచీ మీద వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ముసలాయన చెయ్యి వాడి భుజం మీద ఉంది.

లిజోన్‌కి ఒళ్లు మండింది.

"ఏమన్నారు వాణ్ణి? పొద్దున్నే పిల్లల్ని ఏడిపించడమేనా మీ పని? ఇంకోసారి ఇక్కడ కనిపించకండి!"

ఆయన టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

"ఎంత పని చేశావే!" అన్నాడు ఎవెన్. "ఎన్నాళ్లుగానో బాగున్నా, బాగున్నా అంటున్నా. నీతో కూడా. నువ్వు నమ్మేశావు. ఇవాళ నేను ట్రామెక్కడానికి రాలేదు లిజోన్. బతకాలని లేక వచ్చాను. ఆయనొక్కడే నా జవాబు కోసం ఆగాడు."

లిజోన్ వాణ్ణి గట్టిగా పట్టుకుని, వాళ్లమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

మర్నాడు ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

క్షమాపణ చెప్పుకునేదాకా ఆ చోటు వదిలేది లేదనుకుంది లిజోన్. రోజూ అందరికంటే ముందొచ్చి, వానలోనూ ఆ బెంచీ మీదే కూర్చుంది. వచ్చినవాళ్లందరినీ "బాగున్నావా?" అని అడిగి, జవాబు కోసం ఆగింది.

"రెండో పోలీసు దిగిందిరా!" అని వెక్కిరించారు. ఆమె లెక్కచెయ్యలేదు.

చివరికి పక్కనున్న పూలకొట్టావిడే దగ్గరికొచ్చింది.

"ఆయన ఇంక రాడమ్మా. ఊరొదిలి వెళ్లిపోయాడు. ఎక్కడికో నాకూ చెప్పలేదు. 'ఈసారి ఒకణ్ణి ఆపగలిగాను, చాలు' అన్నాడు."

"ఈసారి అంటే?"

పూలకొట్టావిడ బెంచీ వైపు చూసింది.

"వాళ్లబ్బాయి ఇంట్లోంచి వెళ్తుంటే, పేపర్లోంచి తలెత్తకుండానే 'బాగున్నావా?' అని అడిగాడట. 'బాగున్నా నాన్నా' అనేసి, ఆ పిల్లాడు నేరుగా ఈ స్టాపుకే వచ్చాడు."