గోడ దాటని చప్పుడు

“ఒక్కటే షరతు,” అన్నాడు భర్త, షాపు మెట్లెక్కుతూ. “చప్పుడు గోడ దాటకూడదు. ఒక్కరొచ్చి మన తలుపు కొట్టారో, ఆ రోజుతో గిటారు అటకెక్కుతుంది.”

కూతురు గిటారు సంచీని గట్టిగా పట్టుకుంది. బడి మానిపించినప్పుడు ఏడవకుండా ఉండాలని నాన్న కొనిపెట్టిన గిటారు అది. ఇప్పుడు దానికో ఆంప్ కావాలి. ఎలక్ట్రిక్ గిటారుని ఒట్టిగా వాయిస్తే దోమ పాడినట్టుంటుంది. ఆంప్ పెట్టెకి తగిలిస్తేనే దానికో గొంతు.

తల్లి మాత్రం లోపల అడుగు పెట్టగానే గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఎటు చూసినా నల్లటి పెట్టెలు. నేలంతా వైర్లు.

“ఇది కరెంటుదే కదా బాబూ? షాక్ కొడుతుందా? వేడెక్కి అంటుకుంటేనో? పిల్ల గదిలో పరుపుంది, కర్టెన్లున్నాయి. మాది ఐదో అంతస్తు. పొగ కమ్మేస్తే ఇంక ఎటు పోతాం…”

“మొదలెట్టావా?” భర్త నవ్వి, షాపతని భుజం మీద చెయ్యేశాడు. “మా ఆవిడకి భయం జబ్బండీ. బొద్దింక కనబడినా బిల్డింగంతా వినబడేలా కేకలేస్తుంది. పట్టించుకోకండని ఇరుగుపొరుగుకి ముందే చెప్పి పెట్టాను. మీరూ పట్టించుకోకండి.”

షాపతను నవ్వాడు. ఆవిడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

“పాప స్టేజీ మీద వాయిస్తుందా సార్, ఇంట్లోనా?”

“ఇంట్లోనే. బయట తిరుగుళ్ళు మా ఇంటా వంటా లేవు. వీళ్ళకి ఏం కావాలన్నా నేనే తెచ్చి పడేస్తాను.”

అంతలో ఆయన ఫోన్ మోగింది. మీరు చూస్తూ ఉండండి అని చేత్తో సైగ చేశాడు.

వాయించి చూసుకునే గది వెనకాల ఉంది. గోడలకి స్పాంజి, మందపాటి గాజు తలుపు. షాపతను తలుపు వేసేసరికి వీధి రొద కత్తిరించినట్టు ఆగిపోయింది.

“తలుపు వెయ్యకండి బాబూ!”

“వెయ్యకపోతే పక్క షాపువాళ్ళు నన్ను తంతారమ్మా.”

ఆవిడ స్పాంజి గోడల వంక చూసింది. ఇక్కడ ప్రాణం పోయేలా అరిచినా ఎవరికి వినబడుతుంది? గాజు అవతల భర్త ఫోన్లో మాట్లాడుతూనే ఇటు చూస్తున్నాడు.

“బాబూ, నీకొక మాట…”

“తెలుసమ్మా, భయం. సార్ చెప్పారుగా. కంగారు పడకుండా అలా కూర్చోండి.”

ఆవిడ కూర్చుంది.

షాపతను రెండు ఆంప్‌లు ముందుకి జరిపాడు. ఒకటి నడుం ఎత్తుంది. రెండోది దిండంత ఉంది.

“పెద్దదాన్ని చూసి జడుసుకోకండి. దీన్ని ఎంత సన్నగానైనా పెట్టుకోవచ్చు. హెడ్‌ఫోన్స్ తగిలిస్తే పాపకి తప్ప చీమకి కూడా వినబడదు. మీక్కావాల్సింది ఇదే.”

“మరి ఆ చిన్నది?”

“అదీ అసలు దొంగ! వాల్వులది. పాతకాలం రేడియోల్లో ఉండేవే, ఆ గాజు బుడ్లు. సైజు చూసి అందరూ దాన్నే ముద్దుగా ఎత్తుకెళ్తారు. రెండ్రోజుల్లో ఏడుపు మొహాలతో తెచ్చి మార్చుకుంటారు. హెడ్‌ఫోన్స్ పెట్టే దారే లేదు దానికి. ఏదీ పాపా, ఒక్కసారి మీటు.”

కూతురు మీటింది.

కాళ్ళ కింద నేల అదిరింది. తల్లికి పక్కటెముకలు మోగినట్టయింది. గాజు అవతల భర్త మాత్రం కనురెప్ప కూడా ఆడించలేదు. గది అంత గట్టిది.

“ఇది సగమే,” అన్నాడు షాపతను.

“పూర్తిగా తిప్పితే?” ఆవిడ ముందుకి వంగింది. “కింది అంతస్తుకి వినబడుతుందా? ఎదురు బిల్డింగుకి?”

“వీధి చివరిదాకా వినబడుతుందమ్మా. గంట తిరక్కుండా బిల్డింగు బిల్డింగంతా మీ గుమ్మం ముందుంటుంది, పోలీసుల్ని వెంటేసుకుని.”

“పోలీసులా!”

“అందుకే పెద్దది తీసుకోండి అంటున్నా.”

తలుపు తెరుచుకుంది. భర్త లోపలికొచ్చి, పెద్ద ఆంప్‌ని ఎగాదిగా చూశాడు.

“ఇదేంటి, బీరువాలా ఉంది! దీన్ని మోగిస్తే కొంప కూలుతుంది. ఆ చిన్నది కట్టండి.”

“సార్, సైజుని బట్టి కాదు, అసలు…”

“ఆయన చెప్పారుగా బాబూ,” తల్లి గబగబా అడ్డొచ్చింది. “చిన్నదే కట్టండి.”

షాపతను నోరు తెరిచి, ఆవిడ వంక చూసి, మళ్ళీ మూసుకున్నాడు. ఇంతసేపూ గోడకి చెప్పానా అన్నట్టుంది అతని మొహం. పిల్ల తల దించుకుంది. ఆయన ఒకటనుకున్నాక రెండోది చెప్పడమనేది వాళ్ళింట్లో లేదు.

“వారంలోపు మార్చుకోవచ్చమ్మా,” అన్నాడు షాపతను జాలిగా, ఆవిడతోనే.

“మార్చేదేముంది?” భర్త పెట్టెని ఒడిసిపట్టి ఎత్తాడు. “చూడండి, పిల్లికూనలా ఎంత బుద్ధిగా ఉందో!”

కారులో వెనక సీట్లో తల్లీకూతుళ్ళు, మధ్యలో పెట్టె. పిల్ల చెయ్యి మంచుగడ్డలా ఉంది. తల్లి దాన్ని తన రెండు చేతుల్లో పెట్టుకుని రుద్దుతూనే ఉంది. మోగకపోతే? మోగినా ఎవరూ పట్టించుకోకపోతే? ఆవిడ బుర్రలో అన్నీ చెడ్డ ఆలోచనలే.

“గుర్తుందిగా?” అన్నాడు భర్త అద్దంలోంచి చూస్తూ. “ఒక్కరు తలుపు కొట్టినా…”

“గుర్తుందండీ.”

మర్నాడు పొద్దున్న, రోజూలాగే వాళ్ళిద్దరినీ లోపల పెట్టి బయట తాళం వేసుకుని ఆయన ఆఫీసుకి వెళ్ళిపోగానే, తల్లి కూతురి చెవుల్లో దూది కుక్కి, వాల్యూమ్ చివరంటా తిప్పి, “వాయించమ్మా, ఎవరో ఒకరు వచ్చేదాకా ఆపకు,” అంది.