బీరువా మీద దుమ్ము

"దించవే, ఇక చాలు!"

నిలబెట్టే చట్రంలో నడుముకూ మోకాళ్లకూ బెల్టులతో నిలుచున్న పెద్దాయన రోజూలాగే గోల మొదలుపెట్టాడు. కాళ్లు చచ్చుబడినప్పటి నుంచీ ఆ చట్రమంటేనే ఆయనకు ఒళ్లుమంట.

డాక్టరు నిలబడమన్న అరగంట ఇంకా కాలేదంటూ భార్య గడియారం చూపించింది. అంతలో ఆయన చూపు బీరువా నెత్తిన పడింది.

"ఏమిటే ఆ దుమ్ము! నేను చక్రాల కుర్చీలో కూలబడితే నిన్ను అడిగేవాడే లేకుండా పోయాడు!"

ఆమె స్టూలెక్కి తుడవసాగింది.

"ఇటు... ఇంకాస్త అవతలికి! అబ్బ, నీకు తుడవడం కూడా నేనే నేర్పాలా?"

అరగంట ఇట్టే గడిచిపోయింది. ఆమె కిందికి దిగి బెల్టులు విప్పబోయింది.

"ఆగు! ఆ మూల వదిలేశావు."

"అది రేపటికండీ."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. మీసాల చాటున నవ్వు ఆగలేదు.

"మరి ఎల్లుండికో?"

"చట్రాన్ని వంటింట్లోకి తోస్తాను. అటక చూద్దురుగాని."