ఆ బ్రెడ్డు ఎవరికి?

"సాయంత్రం ఆరు గంటలకల్ల రెండర్రలు ఖాళీ కావాలె. గంతే!" అన్నాడు జనార్దన్ గుమ్మంలో నిలబడి.

నాంపల్లి సందులో ఆ ఇల్లు అతనిది. ముందు భాగంలో అతను, అతని భార్య సౌభాగ్య ఉంటారు. వెనక రెండు గదుల్లో కిరాయికి ఉంటున్నది గుంటూరు నుంచి వచ్చిన భావనారాయణ, వసుమతి. ఆదివారం, ఉదయం పది గంటలు.

"ఇంత హఠాత్తుగా అంటే ఎక్కడికి వెళ్తామండీ? ఒక్క నెల గడువివ్వండి," అన్నాడు భావనారాయణ.

"నెల లేదు, గిల లేదు. మా బామ్మర్దికి గీడికి ట్రాన్స్‌ఫర్ అయింది. పెండ్లాం, ముగ్గురు పిల్లలు. సాయంత్రం బండికి దిగుతున్నరు. వాళ్లను రోడ్డు మీద పండవెట్టాల్నా?"

"మమ్మల్ని పడుకోబెడతారా?" వంటింట్లోంచి వసుమతి గొంతు వినిపించింది.

"మీరు ఇద్దరే గద!"

మంచం ఎటు వేయించాలో చూసుకుందామని జనార్దన్ లోపలికి ఒక అడుగు వేశాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఏంది వాసన?"

"బ్రెడ్డండీ. కుంపటి మీద ఉంది."

రెండో అడుగు పడలేదు.

"బ్రెడ్డా? ఎవరికి?"

"మాకే."

"ఎవరికి బాగలేదు?"

"ఇద్దరం బాగానే ఉన్నామండీ."

"బాగున్నోళ్లు బ్రెడ్డెందుకు తింటరు?"

బ్రెడ్డు జ్వరమొచ్చినవాళ్ల తిండి అని భావనారాయణకూ తెలుసు. గుంటూరులోనూ బాగున్నవాళ్లెవరూ తినరు.

"పత్రికలో పడితే చూసి చేస్తోందండీ, సరదాకి."

"సరదాకు మిర్చిబజ్జీ తింటరు. బ్రెడ్డు తింటరా?" జనార్దన్ కళ్లు చిట్లించి అతన్ని పరిశీలించాడు. "మొకమేంది గట్ల తెల్లగైంది?"

"పిండి కలిపానండీ. మైదా." భావనారాయణ ముఖం తుడుచుకున్నాడు. చేతులకూ మైదానే ఉంది. ముఖం మరింత తెల్లబడింది. పిండి ముక్కులోకి పోయి గట్టిగా తుమ్మాడు.

జనార్దన్ ఒక్క గెంతులో వాకిట్లో పడ్డాడు.

"ఎప్పటిసంది?"

"ఇవాళ్టికి వారం," అంది వసుమతి బయటికొచ్చి, ఎంతో ఓపిగ్గా. "మొదటిది ఇటుకలా వచ్చింది. రెండోది లోపల పచ్చిగా ఉండిపోయింది. ఇది మూడోది."

"వారం!" జనార్దన్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "టైఫాయిడ్! నా ఇంట్ల టైఫాయిడ్ వెట్టుకొని, నాకు చెప్పకుంట..."

"టైఫాయిడ్ లేదండీ!"

"ఉన్నోళ్లు ఎవ్వరన్న ఉన్నదని చెప్తరా?"

పది నిమిషాల్లో కాంపౌండర్ కిషన్‌ని పట్టుకొచ్చాడు. సందు చివర దవాఖానాలో పనిచేస్తాడు కిషన్. అతన్ని లోపలికి తోసి, తను వాకిలి అవతల గోడ పక్కన నిలబడ్డాడు.

కిషన్ ఇద్దరి నోట్లోనూ థర్మామీటర్ పెట్టి చూశాడు. నార్మల్. నాలుక చూశాడు. నాడి చూశాడు. అంతా నార్మల్.

అప్పుడే వసుమతి కుంపటి మీది గుండిగ మూత తీసింది. మూత మీద నిప్పులు, గుండిగలో వేడి ఇసుక, ఇసుకలో డాల్డా డబ్బా. డబ్బాను గుడ్డతో పట్టుకుని బోర్లించింది. గోధుమరంగు బ్రెడ్డు జారి పళ్లెంలో పడింది. అడుగున వేలితో కొట్టింది. డొల్లగా మోగింది.

"వచ్చిందండీ!" అంది మొగుడితో, ఇల్లు పోతున్న సంగతి మరచిపోయి.

కిషన్ థర్మామీటర్ జేబులో పెట్టుకుని పీటమీద కూర్చున్నాడు. మొదటి ముక్క వెన్న రాసుకుని తిన్నాడు. రెండోది చక్కెర చల్లుకుని తిన్నాడు. మూడోది ఏమీ అడగకుండానే తిన్నాడు.

"గింత మెత్తగెట్ల అయింది అక్కా?"

"నీళ్లు గోరువెచ్చగా ఉండాలి తమ్ముడూ. మరిగితే పిండిని పొంగించే ఈస్టు చచ్చిపోతుంది. మొదటిసారి నేను చేసిన తప్పదే. పిండిని పావుగంట పిసకాలి. తడిగుడ్డ కప్పి రెండింతలు పొంగేదాకా ముట్టుకోకూడదు. ఈయన ఐదు నిమిషాలకోసారి గుడ్డ ఎత్తి చూశారు, రెండోది అందుకే చెడింది."

భావనారాయణ తల దించుకున్నాడు.

"వేడి మీద కోయొద్దు. ఆరనివ్వాలి," అంది వసుమతి. కానీ అప్పటికే సగం అయిపోయింది. మిగిలిన సగం కాగితంలో చుట్టి కిషన్ చేతిలో పెట్టింది.

కిషన్ బయటికొచ్చాడు.

"ఏమైంది?" గోడ పక్కనుంచే అరిచాడు జనార్దన్.

"ఏం లేదు సాబ్. ఫికర్ చెయ్యకుండ్రి. ఇద్దరికీ నార్మల్."

"చేతుల గదేంది?"

"బ్రెడ్డు సాబ్."

"ఎవరికి?"

"నాకే."

జనార్దన్ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"లోపలికి పోయి అరగంట కాలే! అప్పుడే నీకు గూడ అంటుకున్నదా?"

జవాబు కోసం ఆగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా నాంపల్లి స్టేషన్ వైపు పరుగెత్తాడు. బామ్మర్ది వచ్చే బండి ఐదున్నరకు. జనార్దన్ పదకొండుకే వెళ్లి ఎండలో ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాడు.

ఇక్కడ భావనారాయణ, వసుమతి ట్రంకులు సర్దారు. పరుపులు చుట్టారు. కుంపటి ఆర్పారు. ఆరయింది. ఎవరూ రాలేదు. ఏడయింది. ఎవరూ రాలేదు.

తెల్లవారి తలుపు చప్పుడైంది. తీస్తే సౌభాగ్య.

"అన్నీ సర్దే ఉంచామండీ," అన్నాడు భావనారాయణ నీరసంగా. "రిక్షా పిలవడమే ఆలస్యం."

"రిక్షా ఎందుకన్నా? మా తమ్ముణ్ని స్టేషన్ దాటనీయకుంట వాపస్ పంపిండంట ఈయన. ఇగ వాడు ఈ ఇంటి మొకం చూడనన్నడు. మీరే ఉండుండ్రి, ఎన్నేండ్లన్న ఉండుండ్రి."

వసుమతి చుట్టిన పరుపు మీద అలాగే కూలబడింది. సౌభాగ్య మాత్రం కదల్లేదు. కొంగు చాటునుంచి ఖాళీ గిన్నె తీసింది.

"దినమంత ఎండల కూసున్నడు గద, రాత్రిసంది ఆయనకు ఒకటే జ్వరం. జర రెండు ముక్కలుంటే పెట్టు చెల్లె, డాక్టర్ బ్రెడ్డే తినమన్నడు."